వణకకూడని పెట్టె

మా ఆయన హరిబాబు మస్కట్ ఉద్యోగం మానేసి వచ్చేసినప్పుడు, అందరిళ్ళకీ వచ్చినట్టే మా ఇంటికీ దుప్పట్లు, సబ్బులు, ఖర్జూరం వస్తాయనుకున్నాను. వచ్చాయి, కాదనను. కానీ వాటికంటే ముందు వ్యానులోంచి రెండు నిలువెత్తు చెక్కపెట్టెలు దిగాయి. వీధిలోవాళ్ళు ఫ్రిజ్‌లనుకున్నారు. రెండెందుకమ్మా దుర్గా, కొబ్బరికాయలు దాస్తావా అని ఒకావిడ అడిగింది కూడా. పెట్టెలు విప్పితే లోపల ముసుగులు వేసుకుని రెండు స్పీకర్లు నిలబడి ఉన్నాయి. ఆయన ఆ ముసుగులు తీస్తున్నప్పుడు మొహం చూశాను. మా పెళ్ళిలో అడ్డుతెర దించినప్పుడు కూడా ఆ మొహం అంత వెలగలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. నవ్వారు గానీ కాదనలేదు.

మస్కట్‌లో ఆయన పని, డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పాటలు వినే గదులు అమర్చడం. ఆ షోరూములో వచ్చినవాళ్ళకి వినిపించడానికి ఉంచిన జత ఇది. ఉన్నన్నాళ్ళూ ఆయనే తుడిచారు, ఆయనే జరిపారు, ఆయనే వినిపించారు. యజమాని దుకాణం ఎత్తేస్తూ, నువ్వు తప్ప వీటిని ఎవరూ సరిగ్గా చూడరని ఆయనకే ఇచ్చేశాడు.

నేను నోరున్న మనిషిని. నచ్చకపోతే మొహం మీదే చెబుతాను. ఆ నోటితోనే చెబుతున్నాను, అంత అందమైన వస్తువు మా ఇంటి గడప అంతకుముందు తొక్కలేదు. ముందు భాగం సన్నంగా ఉంది. రెండు పక్కలూ వంపు తిరిగి వెనక్కి వెళ్ళేకొద్దీ దగ్గరకు వచ్చి, పడవ ముక్కులా కలిసిపోయాయి. పల్చటి చెక్కలు పొర మీద పొర అతికించి, అచ్చులో పెట్టి వంచారట. ముందు వైపు అడుగున లావు చప్పుళ్ళకి వూఫర్ అనే పెద్ద గుండ్రం, దాని పైన అరచేతి వెడల్పున ఇంకో గుండ్రం, అన్నిటికంటే పైన బొట్టుబిళ్ళ కంటే కాస్త పెద్దదిగా పట్టుగుడ్డతో చేసిన చిన్న బుడిపె. ఆ బుడిపెని వేలితో ముట్టుకోబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"పక్కలు అలా వంచేరేంటండీ? వీటిని గోడకి చేరెయ్యడం ఎలాగ?" అన్నాను.

"గోడకి చేరెయ్యరే. రెండు పక్కలూ తిన్నగా ఎదురెదురుగా ఉంటే లోపలి చప్పుడు వాటి మధ్య కొట్టుకుని కొట్టుకుని, ఆలస్యంగా బయటికొచ్చి పాటలో కలుస్తుంది. వంపుంటే అలా కుదరదు. లోపల పడవకున్నట్టు పక్కటెముకలు కూడా ఉన్నాయి. ఇప్పుడు చూడు."

సన్నాయి మేళం పెట్టారు. డోలు దెబ్బకి నా గుండె అదిరింది. నా అరచెయ్యి పట్టుకెళ్ళి పెట్టె పక్కకి ఆనించారు. లోపల అంత జాతర జరుగుతుంటే బయట చెక్కకి చీమ కుట్టినట్టయినా లేదు.

"పెట్టె వణకకూడదు దుర్గా. పాట ముందున్న ఈ గుండ్రాల కోనులోంచి రావాలి, చెక్కలోంచి కాదు. పెట్టె నోరు మూసుకుని కూర్చోవాలి."

ఈ మాట మా తమ్ముడు వింటే ఊరుకోడని నాకు అప్పుడే తెలుసు.

మా తమ్ముడు బుల్లబ్బాయికి కొత్తపేటలో ఫర్నిచర్ కొట్టుంది. మంచాలూ, బీరువాలూ చేసి బతుకుతాడు గానీ వాడి ప్రాణం స్పీకర్ల మీదే. మస్కట్ నుంచి ఫోనులో మా ఆయన నాతో మాట్లాడినదానికంటే వాడితో మాట్లాడినదే ఎక్కువ. సాయంత్రానికల్లా దిగాడు. టీ కూడా తాగకుండా స్పీకర్ల చుట్టూ తిరిగాడు. కాయ ముదిరిందో లేదో చూసేవాడిలా వేలి కణుపుతో పక్కమీద కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఎలా ఉంది బావమరిదీ?"

"పనితనానికి దణ్ణం పెట్టాలండి బావగారూ. ఎవరు చేసేరో గానీ అతుకెక్కడుందో నాకే దొరకలేదు."

"కానీ?"

"కానీ చెక్కని చంపేసేరండి. కొడితే రాయిలా ఉంది. ఏం మాటాడదే?"

"మాట్లాడకూడదనే కదా అంత కష్టపడింది."

"అదేంటండి. వీణ దేంతో చేస్తారు? పనసతో. మృదంగం దేంతో చేస్తారు? పనసతో. పెద్దాళ్ళు పాడే చెక్కని వెతికి పట్టుకున్నారండి. మీవాళ్ళేమో నోరు నొక్కేరు."

"వీణ పాటని పుట్టిస్తుంది బుల్లబ్బాయ్. స్పీకరు పుట్టిన పాటని ఒప్పజెబుతుంది. ఒప్పజెప్పేవాడు మధ్యలో సొంత కవిత్వం కలపకూడదు."

"బాగానే ఉందండి. మరి ఒక మనిషి గొంతుని ముగ్గురికి పంచిపెట్టడం ఏంటి? కింద ముక్క ఒకడు, మధ్య ముక్క ఒకడు, పై ముక్క ఒకడు. వాటాలేసినట్టు."

"మరి ఒక్కడే నాట్లేసి, వాడే వంట చేసి, వాడే డోలు వాయిస్తే ఏ పని బాగుంటుంది?"

ఇద్దరూ నన్ను చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయాను.

రెండోనాడు వాడు తన జత పట్టుకొచ్చాడు. మా పుట్టింటి పెరట్లో పనసచెట్టు ఒక తుపానులో కూలిపోతే, ఆ దూలాలు ఎవరు ద్వారబంధాలకి అడిగినా ఇవ్వకుండా పాకలో ఆరబెట్టి ఉంచాడు. అవి దేనికో నాకు ఆ రోజు తెలిసింది. వెడల్పాటి, బరువైన పెట్టెలు. పసుపు ముద్దలాంటి రంగుకి మైనం పట్టించి రుద్దితే లోపల దీపం పెట్టినట్టున్నాయి. మూలలు ఒక్క మేకు లేకుండా పళ్ళల్లో పళ్ళు దిగేసి కలిపాడు. ఒక్కో పెట్టెకి ఒకే ఒక్క గుండ్రం, భోజనం కంచమంత కాగితం కోను. రాజోలు వైపు మూతపడ్డ ఒక సినిమా హాలు తెర వెనకాల దొరికాయట. చిరిగిన అంచులకి పల్చటి నేతగుడ్డ అంటించి బతికించాడు.

వాడి దాంట్లో సన్నాయి వింటే గది అంతా వెచ్చబడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తరువాత వేణువు పెట్టాడు, అదీ వెచ్చగానే ఉంది. ఆ తరువాత వార్తలు పెడితే, చదివేవాడు కూడా పనసతొనలు తిని వచ్చి చదువుతున్నట్టుంది. పక్కమీద చెయ్యి వేశాను. చెక్క సన్నగా వణుకుతోంది, నిద్రపోయే పిల్లి ఒంటిమీద చెయ్యి వేసినట్టు.

"చూసేవా? పెట్టె పాడేస్తోంది," అన్నారు మా ఆయన.

"పాడనివ్వండి బావగారూ. అది దాని జాతి గుణం. ఆయ్."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. మా హాల్లో రెండు కుందేళ్ళు, ఆరు కాళ్ళు. వారం తిరిగేసరికి నాకు కోను, అయస్కాంతం, చెక్క మందం అన్నీ నోటికొచ్చేశాయి. తిట్టుకుంటూనే విన్నాను. నిజం చెప్పాలంటే, ఒక వస్తువుని అంతగా ప్రేమించి పోట్లాడుకునే ఇద్దరు మగవాళ్ళని చూస్తుంటే ముచ్చటేసేది.

ఈ గొడవంతా వింటూ ఒక్క మాటా మాట్లాడని మనిషి మా అత్తగారు సూర్యకాంతంగారు. అసలు గొంతున్న మనిషి మా ఇంట్లో ఆవిడే.

కొత్తపేట మొదలు రాజోలు దాకా ఏ ఇంట ఆడపిల్ల పెళ్ళయినా అప్పగింతల వేళకి ఆవిడకి కబురొచ్చేది. పళ్ళెంలో పాలు పోసి, పిల్ల చేతులు ఆ పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే ఆవిడ పాడేవారు. పాట ఆవిడ కట్టుకున్నదే. 'రేవులో పడవుంది రెప్ప తుడుచుకో తల్లీ, ఆవలి గట్టున కూడ అమ్మలుంటారు' అని ఎత్తుకునేసరికి పెళ్ళికొడుకు తరపువాళ్ళు కూడా కళ్ళు ఒత్తుకునేవారు. నా అప్పగింతలకీ ఆవిడే పాడారు. కొడుకు పెళ్ళిలో కోడలి తరపున పాడిన అత్తగారు ఇంకెక్కడైనా ఉంటారేమో నాకు తెలియదు.

అయితే మైకు కనబడితే ఆవిడ లేచి వెళ్ళిపోయేవారు. ఎప్పుడో ఒక పెళ్ళిలో కేసెట్టు రికార్డరు పెట్టి పట్టేశారట. తరువాత వినిపిస్తే, "ఎవరే ఈ పీలగొంతు?" అన్నారట ఆవిడ. నువ్వేనని అందరూ నవ్వారు. అంతే. ఆ నవ్వు ఆవిడకి గుచ్చుకుపోయింది. ఆ పెట్టెలు అబద్ధాలు చెబుతాయని తీర్మానించేసుకున్నారు. ఫోనులు వచ్చాక కూడా ఎవరైనా చేతిలో ఫోను పైకెత్తితే పాట ఆపేసేవారు. అందుకని ఇన్ని ఇళ్ళలో పాడిన గొంతు ఒక్క ఇంట్లోనూ మిగల్లేదు.

ఆ వేసవిలో ఆవిడ గొంతు మీద గడ్డ లేచింది. కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరుగారు మంచాయన. దాచకుండా చెప్పారు. ఆపరేషను తప్పదు, మాట పలికించే నరం ఆ గడ్డని చుట్టుకుని పోతోంది, ప్రాణానికి భయం లేదు గానీ గొంతుకి మాత్రం నేను మాట ఇవ్వలేను అన్నారు. దసరా వెళ్ళాక చేద్దామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రావులపాలెం దాటాక ఆవిడే అన్నారు. "పోతే పోద్ది. ఎందరు పిల్లల్ని అప్పజెప్పలేదూ, ఇదీ అప్పజెప్పేస్తాను."

ఆ మాటకి మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. ఇంటికొచ్చాక స్పీకర్ల ముందు కూర్చున్నారు గానీ ఏదీ పెట్టలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"దుర్గా, ప్రపంచంలో గొప్ప గొంతులన్నీ వీటిల్లో విన్నాను. అమ్మది తప్ప," అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన అంత చిన్నగా మాట్లాడడం అదే మొదటిసారి వినడం. నాకు ఏడుపొచ్చింది, తరువాత కోపమొచ్చింది. నా కోపం పనికొచ్చే కోపం. లేచి తిన్నగా అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, మీ గొంతు మీదొక్కరిదేనాండి?" అన్నాను.

పూలు కడుతున్న ఆవిడ తలెత్తారు. "అదేం మాటే?"

"నా అప్పగింతలనాడు మీరు పాడిన పాట నాది కాదాండి? పక్కింటి యామినిది కాదా? ఇన్ని ఊళ్ళలో ఇంతమంది ఆడపిల్లల పాట మీతో తీసుకుపోతానంటే ఎలాగండి?"

ఆవిడ దారానికి ముడి మీద ముడి వేశారు. చివరికి ఒక షరతు పెట్టారు. "ఒక్కపాట పాడతాను. ఆ పెట్టెలో నాకు వినిపించండి. అది నా గొంతని నాకు తోస్తే, ఎన్ని కావాలంటే అన్ని పాడతాను. తోచకపోతే నా కళ్ళముందే చెరిపెయ్యాలి. నాది కాని గొంతుని నా పేరున ఉంచితే ఊరుకోను."

ఆవిడ మాటంటే మాటే. ఆవిడ కాదంటే చెరపవలసిందేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. దసరా తరువాత మళ్ళీ పాడమందామన్నా గొంతు ఉంటుందో ఉండదో.

అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న బావా బావమరుదులు ఒక్కటయ్యారు. హాల్లో టైల్సు చప్పుడుని తిప్పికొడుతున్నాయని అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు పట్టాలు తెచ్చి గోడలకి వేలాడదీశారు. నా హాలు పీచు గోడౌనయింది. ఊడ్చేకొద్దీ రాలుతూనే ఉంది. అడగబోయి ఊరుకున్నాను. చప్పట్లు కొట్టి చూస్తే నిజంగానే గది మెత్తబడింది. మైకు మా ఆయనది. అది ఎంత దూరంలో పెట్టాలో మాత్రం బుల్లబ్బాయి చెప్పాడు. "పెళ్ళిలో పెళ్ళికూతురు ఎంత దూరంలో ఉంటదో అంత దూరం పెట్టండి బావగారూ. ఆవిడ అలవాటు ఆ దూరానికేనండి."

పొద్దున్నే ఫ్యాన్లు ఆపేసి, తలుపులు వేసి పాడించారు. ఎదురుగా పెళ్ళికూతురు ఉండాలి కదా, లేకపోతే పాట రాదన్నారు అత్తగారు. మా పక్కింటి కోడలు యామినిని కూర్చోబెట్టాం. ఆ పిల్లది బండారులంక, మగ్గాలున్న ఇల్లు. ఆ పిల్ల అప్పగింతలకి కూడా ఈవిడే పాడారు. ఒక పళ్ళెంలో పాలు పోసి ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, చేతులు వాటంతట అవే చేశాయి. ఆవిడ పాలవంక చూసి, యామినివంక చూసి, ఎత్తుకున్నారు.

ఇక వినిపించడం. ఏ పెట్టె ఏదో తెలిస్తే మొహమాటపడతారని బుల్లబ్బాయి ఒక ఏర్పాటు చేశాడు. యామిని తెచ్చిన కొత్త చీర ఒకటి హాలుకి అడ్డంగా తాడు మీద వేశాడు, అచ్చం పెళ్ళిలో అడ్డుతెరలా. రెండు జతలూ, ఇద్దరు మొనగాళ్ళూ తెర వెనక. మేం ముగ్గురు ఆడవాళ్ళం తెర ముందు.

మొదటిసారి పాట వచ్చినప్పుడు నేను చప్పున అత్తగారి మొహంలోకి చూశాను, ఆవిడే పాడుతున్నారనుకుని. ఆవిడ పెదాలు కదలడం లేదు. పాట మాత్రం తెర మధ్యలో, మనిషి నిలబడే ఎత్తులో నిలబడి ఉంది. పల్లవికి ముందు ఆవిడ ఊపిరి తీసుకునే చప్పుడు, 'తల్లీ' అన్నచోట గొంతులో పడే చిన్న జీర, మాటకీ మాటకీ మధ్య పెదవి తడుపుకోవడం, అన్నీ ఉన్నాయి. చెక్క లేదు, కోను లేదు, పెట్టె లేదు. ఆవిడే ఉన్నారు. యామిని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నా మాట అడగక్కర్లేదు. మా ఆయన స్పీకర్లని నేను అంతకుముందు మెచ్చుకున్నదంతా ఆ నిమిషంలో చాలా తక్కువనిపించింది.

పాట అయ్యాక అత్తగారు అన్నారు. "బాగుంది. పిల్ల ఎవరో బాగానే పాడింది. నేను కాదు."

తెర వెనక ఉన్న మా ఆయన మొహం కనబడకపోయినా ఎలా ఉందో నాకు తెలుసు.

"అత్తయ్యగారూ, మీరేనండి," అన్నాను.

"నా గొంతు నాకు తెలీదా? ఇది సన్నం. అప్పుడు కేసెట్టులో విన్నదీ ఈవిడే."

తీగలు రెండో జతకి మార్చారు. మళ్ళీ అదే పాట వచ్చింది. ఈసారి ఊపిరి చప్పుడు పోయింది. జీర పోయింది. గొంతు లావయింది, బానలో నోరు పెట్టి పాడినట్టు గుమ్ముగా ఉంది. అత్తగారి పాటకి వేరెవరో మంచి దుప్పటి కప్పినట్టనిపించింది. యామిని కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది, ఇదేంటక్కా అన్నట్టు. నేను అత్తగారి వైపు చూశాను.

ఆవిడ చేతిలో పూలదారం ఆగిపోయింది. వెన్ను నిటారయింది. కళ్ళు మూసుకుని, రెండో చరణం దాకా కదలకుండా విని, చెయ్యి గుండెమీద వేసుకున్నారు.

"ఇదిగో. ఇదీ నేను," అన్నారు.

గెలిచింది నా తమ్ముడు. షరతు నెగ్గింది, చెరపక్కర్లేదు, ఆవిడ పాడతారు. అక్కడితో ఊరుకుంటే అందరికీ సుఖం. కానీ వాడు తెర పక్కకి లాగి వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, మీరు నా పెట్టెని మెచ్చుకున్నారు. నాకింక ఏ జన్మకీ అక్కర్లేదండి. కానీ అబద్ధమాడలేనండి. నా చెక్క మీ గొంతుకి బరువు కలిపిందండి. మొదట వచ్చిందే మీ గొంతు. బావగారి దాంట్లోది. మేమందరం వినేది అదేనండి."

ఆవిడ కొడుకు వంక చూశారు. మా ఆయనకీ అప్పటికే అర్థమైంది. తల్లి పక్కన కూర్చుని ఆవిడ రెండు చెవులూ తన అరచేతులతో మూశారు. "ఇప్పుడు సన్నగా కూనిరాగం తియ్యమ్మా," అన్నారు. ఆవిడ తీశారు. తీస్తూనే కళ్ళు విప్పారాయి. చేతులు వదిలాక ఆయన చెప్పారు.

"మేం నీ పాట చెవులతోనే వింటామమ్మా. నీకు మాత్రం గుండెలోంచి, దవడలోంచి, ఎముకల్లోంచి కూడా వినపడుతుంది. అందుకే నీకు నీ గొంతు బరువుగా ఉంటుంది. బుల్లబ్బాయి పెట్టె వణికి ఆ బరువు కలిపింది. దాంట్లో నీకు వినపడింది నీ లోపలి గొంతు."

 పీచు పట్టాల మధ్య ఆ హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పాలపళ్ళెంలో ఈగ వాలడం వినపడింది.

"అంటే, నేనిన్నాళ్ళూ విన్న గొంతు నాకు తప్ప ఎవరికీ వినపళ్ళేదా?"

"లేదమ్మా."

"మీరంతా ఏడ్చిన గొంతు నేనెప్పుడూ వినలేదా?"

మా ఆయన తల్లి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడే మళ్ళీ, "మొదటిది ఇంకోసారి పెట్టు," అన్నారు. ఈసారి తెర లేదు. పడవల్లాంటి ఆ సన్నటి నల్లటి స్పీకర్ల ముందు కూర్చుని, ఎదురింట్లోకి కొత్తగా వచ్చినావిడని చూసినట్టు శ్రద్ధగా విన్నారు. 'ఆవలి గట్టున కూడ అమ్మలుంటారు' దగ్గర ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన పాటకి ఆవిడ ఏడవడం అదే మొదలు.

"ఈవిడ బాగా పాడుద్ది," అన్నారు. "ఈవిడ్ని ఉంచండి."

షరతు ఆవిడే రద్దు చేసుకున్నారు. దసరా దాకా పొద్దున్న పూట మా హాల్లో పాటలే. అప్పగింతలవి, మంగళహారతులు, నలుగు పెట్టేటప్పటివి, జోలపాటలు, ఆవిడకే మరుపున పడినవి కూడా వెతుక్కుని పాడారు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి పెళ్ళికూతురి చోట కూర్చునేవాళ్ళు. మా ఆయనా, తమ్ముడూ ఆ రోజుల్లో ఒక్కసారి కూడా కోను గురించి పోట్లాడలేదు. ఇంట్లో ఏదో లోటుగా అనిపించి నేనే ఒకటి రెండుసార్లు కెలికాను. అప్పటికీ లేదు.

ఆపరేషను చక్కగా జరిగింది. గడ్డ పోయింది, మనిషి కులాసా. గొంతు మాత్రం డాక్టరుగారు భయపడినట్టే అయింది. ఆవిడకిప్పుడు గుసగుస తప్ప మాట లేదు. పిలవాలంటే గాజుల చెయ్యి గోడకి తడతారు. రాగం తియ్యబోతే గాలి వస్తుంది. ఆవిడ దిగులు పైకి కనబడనివ్వరు. ఒకనాడు మాత్రం పూలు కడుతూ చెవులు రెండూ మూసుకుని, గొంతు కదిలించి చూసుకోవడం నేను చూశాను. లోపల కూడా ఏమీ లేదు కాబోలు, చేతులు దించేశారు. నా పాపిష్టి కళ్ళు ఆ వేళకే అటు వెళ్ళాలా అనుకున్నాను.

కార్తీకమాసంలో బుల్లబ్బాయి సామాన్లతో వచ్చాడు. ఆ వణుకు వాడిని తినేస్తోంది. బావగారు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాడు. పనసపెట్టెలకి లోపల పక్కటెముకలు దిగేసి, గోడలకి పీచు పట్టించి వణుకు కట్టేద్దామని ఇద్దరూ కలిసి అనుకున్నారు. ఎముకలకి కావలసిన చెక్కలు మా ఆయనే కొలిచి కోయించి ఉంచారు. అంత మంచి పెట్టెకి ఆ ఒక్క లోపం కూడా లేకుండా చేస్తే చూడాలని నాకూ సరదాగానే ఉంది.

ముగ్గురం హాల్లోకి వెళ్ళేసరికి అత్తగారు నేలమీద, ఆ పనసపెట్టె పక్కనే కూర్చుని ఉన్నారు. పాట నడుస్తోంది. ఎవరు పెట్టిచ్చారో అడగలేదు, మీటలు నొక్కడం ఆవిడే నేర్చేసుకుంటున్నారని నాకు ముందే అనుమానం. దవడ ఎముక చెక్కకి ఆనించి, అరచెయ్యి పెట్టె పక్కమీద పరిచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. చెక్క వణుకుతోంది. మెడమీద కుట్ల గీత కింద ఆవిడ గొంతు పాటతో పాటే పైకీ కిందకీ ఆడుతోంది.

బుల్లబ్బాయి చేతిలో స్క్రూడ్రైవరు చూసి ఆవిడ కళ్ళు తెరిచారు. మేం దగ్గరికి వంగితే గాని వినపడలేదు.

"దీన్నేం చెయ్యకండర్రా. ఇందులోనే పాడుతున్నాను."

పెట్టె వణకకూడదని మస్కట్ దాకా వెళ్ళి నేర్చుకొచ్చిన మనిషి మా ఆయన. ఆయనే వంగి, కోయించిన చెక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి, చప్పుడు కాకుండా పెరట్లోకి పట్టుకెళ్ళిపోయారు. మేం ఆ పెట్టెకి ఇవాళ్టికీ పక్కటెముకలు వెయ్యలేదు.